ప్రశ్నలు – జవాబులు: నోరు పెగలని రోజున స్తోత్రం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది బరంపురం. మావారు పుట్టి పెరిగింది ఉద్దానంలో, సోంపేట దగ్గర ఒక పల్లెలో. రెండున్నరేళ్ల క్రితం ఆయనకు మూత్రపిండాలు రెండూ పాడైపోయాయని తెలిసింది. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు తీసుకువెళుతున్నాను. రోజుకు తాగవలసిన నీళ్లు కొలిచి ఒక సీసాలో పోసి ఉంచుతాను. సాయంత్రానికే సీసా ఖాళీ అయిపోతే, ఆయన ముందు ఆ సీసా వైపు, తర్వాత నా వైపు చూసే చూపును భరించలేకపోతున్నాను. కొబ్బరి తోటల మధ్య పెరిగిన మనిషి, కొబ్బరినీళ్లు కూడా తాగకూడదన్నారు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే మా సంఘంలోని అక్కలు నన్ను లేవమంటారు. "డయాలసిస్ కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పు, చెబితేనే విడుదల" అంటారు. ఒకసారి లేచి చెప్పాను. ఇంటికి వచ్చాక దేవుని ముందు అబద్ధమాడినట్టు అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు చాలా కాలంగా నాకు సరైన నిద్ర లేదు. మీ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉండి ఉంటుందని ఒకరన్నారు. ఈ మధ్య కూడికలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, నిజమైన విశ్వాసం ఉన్నవారు డయాలసిస్ మానేసి స్తుతించాలన్నారు. నాకు దేవుని మీద నమ్మకం పోలేదు, కానీ స్తుతి రావడం లేదు. ఇది అవిశ్వాసమేనా?
— ఒక సహోదరి, బరంపురం

జవాబు: సహోదరీ, మీ ఉత్తరంలో చివర రాసిన సంగతికి ముందుగా జవాబు చెబుతాను. మిగిలినవాటి గురించి ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది, దీనికి లేదు. డయాలసిస్ ఒక్క రోజు కూడా మానవద్దు. ఒంట్లో చేరిన నీరూ పొటాషియమూ బయటికి పోయే దారి మూసుకుపోయిన మనిషికి ఆ యంత్రమే దారి, పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్లు వద్దన్నది కూడా అందుకే. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడక మీద ఉండి గోడ తట్టు తిరిగి ఏడ్చినప్పుడు దేవుడు అతనికి మరో 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు. అంత స్పష్టమైన వాగ్దానం ఉన్నా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టాలని యెషయా చెప్పాడు, దానిని అవిశ్వాసమని ఎవరూ అనలేదు. కూడిక ముగియగానే మరో ఊరికి వెళ్లిపోయే ప్రసంగీకునికి మీ భర్త శరీరం విషయంలో ఆజ్ఞలిచ్చే అధికారం ఏ వాక్యమూ ఇవ్వలేదు. ఈ మాటను మీ సంఘ పెద్దలకు కూడా చూపించండి.

ఇక అసలు ప్రశ్న. స్తోత్రం చెప్పి ఇంటికి వెళ్లాక అబద్ధమాడినట్టు అనిపించిందని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వినేవాడు ఒకడున్నాడని నమ్మనివారికి ఆయన ముందు అబద్ధమాడామన్న బెంగ కలగదు. మీ నిద్రను పాడుచేసినది మీ విశ్వాసమే అని నాకు అనిపిస్తోంది.

మనం కీర్తనల గ్రంథమని పిలుచుకునే పుస్తకానికి హెబ్రీ భాషలో తెహిల్లీమ్ అని పేరు, అంటే స్తుతులు. ఆ పేరు చూసి లోపలంతా హల్లెలూయ ధ్వనులే ఉంటాయనుకుని తెరిచినవారికి మూడో కీర్తన దగ్గరే శత్రువుల మధ్య చిక్కుకున్న మనిషి మొర వినిపిస్తుంది. మొత్తం 150 కీర్తనలలో సుమారు మూడో వంతు ఇలాంటి మొరలే, ఫిర్యాదులే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన నేరుగా దేవుణ్ణి నిలదీస్తుంది. ఆ కీర్తన చివరికైనా తేరుకుంటుంది, 88వ కీర్తన అదీ చేయదు. రాత్రింబగళ్లు మొరపెట్టుకున్నానని మొదలుపెట్టి, నా ముఖం నుంచి నీవెందుకు దాగుకొన్నావని అడిగి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఓదార్పు వచనం ఒక్కటి కూడా ఎవరూ తగిలించలేదు. స్తుతులని పేరుపెట్టిన పుస్తకంలో నుంచి దానిని తీసివేయనూ లేదు. ఆ కీర్తన రాసిన హేమాను మీ సంఘంలో సాక్ష్యానికి లేచి నిలబడి ఉంటే, మీ అక్కలు ఆయనను కూడా కూర్చోబెట్టి ఉండేవారేమో!

మన భాషలో మొరపెట్టుకోవడం అన్న మాట ఉంది. గోడతో ఎవరూ మొరపెట్టుకోరు, వినగలవాడు, తీర్చగలవాడు అని నమ్మినవారి దగ్గరే మొరపెట్టుకుంటారు. నీవే దిక్కు అని ఒప్పుకోకుండా మొర నోట రాదు. హెబ్రీయుల పత్రిక స్తుతియాగాన్ని వివరిస్తూ, ఆయన నామాన్ని ఒప్పుకొనే పెదవుల ఫలమన్న అర్థంలో "జిహ్వాఫలము" అంటుంది. మీరు అర్ధరాత్రి మంచం పక్కన కూర్చుని ఎందుకిలా చేశావని ఆయననే అడుగుతున్నారంటే, ఆ ఫలం మీ నాలుక మీద ఇప్పటికే ఉంది, అయితే అది చేదుగా ఉంది. చేదు ఫలాన్ని ఆయన తోసివేసినట్టు కీర్తనల గ్రంథంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

డయాలసిస్ కోసం స్తోత్రం చెప్పమనే అక్కలు కావాలని మిమ్మల్ని బాధపెడుతున్నారని నేను అనుకోను. థెస్సలొనీకయుల మొదటి పత్రికలోని మాటనే వారు మనసులో పెట్టుకుని ఉంటారు. అక్కడ ఉన్నది "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లెవేసినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. అందు, ఇందు, న అనేవి సప్తమి, మనిషి ఉన్న చోటును చెప్పేవి. కొరకు, కై అనేవి చతుర్థి. పౌలు సప్తమిలో చెప్పిన మాటను మన కూడికల్లో చతుర్థిలోకి మార్చి ఒకరి మీద ఒకరం మోపుతున్నాం. డయాలసిస్ వార్డులో ఉండగా కూడా దేవునితో మాట్లాడటం ఒక సంగతి, కిడ్నీలు చెడినందుకు ఆయనకు ధన్యవాదాలు చెప్పడం వేరే సంగతి.

ఎఫెసీయుల పత్రికలో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. ఉంది, దానిని నేను దాటవేయను. కానీ ఆ పత్రిక రాసిన మనిషే తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు, ముల్లు ఇచ్చినందుకు వందనాలని మొదటి రోజే అనలేదు. రోమీయులకు రాస్తూ "ఏడ్చువారితో ఏడువుడి" అని ఆజ్ఞాపించినవాడూ ఆయనే. ప్రతి దుఃఖానికీ అప్పటికప్పుడే కృతజ్ఞత చెప్పి తీరాలన్నది ఆయన ఉద్దేశమైతే, ఏడ్చేవారితో కలిసి ఏడ్వమన్న ఆజ్ఞకు సంఘంలో చోటే మిగలదు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువుకు తాను ఏమి చేయబోతున్నాడో తెలుసు. అయినా మార్తను, మరియను సహోదరుని చావు కోసం స్తుతించమనలేదు, ఆయనే కన్నీళ్లు విడిచాడు.

పాపం మాట ఎత్తినవారికి ఒక్క జవాబు చాలు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు రెండూ కాదన్నాడు. ఉద్దానంలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు ఏ ఊరికి వెళ్లినా ఈ జబ్బుతో మంచం పట్టిన ఇల్లు కనిపిస్తుంది. అందులో అన్ని మతాలవారూ ఉన్నారు, రైతులూ కూలీలూ ఉన్నారు. నీళ్లలో ఉందా, ఎండలో చేసే చాకిరీలో ఉందా, మరెక్కడ ఉందా అన్నది పరిశోధకులే ఇంకా తేల్చలేకపోతున్నారు. వారికి దొరకని కారణం మీ పక్క బల్ల మీద కూర్చున్నవారికి ఒక్క చూపులో దొరికిందంటే నేను నమ్మను.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఒక సొంత కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి మా పర్లాకిమిడి దాకా వచ్చింది, దాని వెనకే కొండల మీద కురిసిన వాన గజపతి జిల్లాలో బరఘర దగ్గర కొండచరియను విరగదీసి, తలదాచుకోవడానికి చేరినవారినే పొట్టన పెట్టుకుంది. మా ప్రార్థన మందిరం పైకప్పు రేకులు సగం ఎగిరిపోయి పక్క పొలంలో పడ్డాయి. ఆ ఆదివారం ఉన్న కప్పు కిందే తడి చాపలు పరుచుకుని కూర్చున్నాం. నేను హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయం మీద ప్రసంగం సిద్ధం చేసుకుని వచ్చాను. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా యెహోవాయందు ఆనందించెదనన్న వాక్యం కంటే ఆ రోజుకు తగినది మరొకటి లేదనుకున్నాను. బైబిలు తెరిచి తల ఎత్తేసరికి ముందు వరుసలో మందస వైపు నుంచి బంధువుల ఇంటికి వచ్చి చిక్కుబడిపోయిన ఒక పెద్దావిడ కనిపించింది. ఆమె జీడితోట మొత్తం వేళ్లతో సహా ఒరిగిపోయిందని వాకిట్లోనే ఎవరో నాకు చెప్పారు. జీడిచెట్టు మళ్లీ నాటినా కాపు పట్టడానికి ఏళ్లు పడుతుంది, ఆమె వయసు డెబ్బై దాటింది. ఆ ముఖం చూశాక హబక్కూకు నా నోట రాలేదు.

హబక్కూకు ఆ మాటను తన దేశం నాశనం కాబోతోందని విని, పెదవులు వణుకుతుండగా తన కోసం చెప్పుకున్నాడు. గట్టు మీద ఉన్నవాడు నీళ్లలో ఉన్నవాడికి చెప్పిన మాట అది కాదు. ఇది నాకు అప్పటికి ముప్పై ఏళ్ల సేవలో తట్టలేదు, ఆ నిమిషంలో తట్టింది. చేతికి దొరికిన 13వ కీర్తన తీసి మొదటి నాలుగు వచనాలు మాత్రం చదివి ఆపేశాను. మిగిలిన రెండు వచనాలలోనే స్తుతి ఉంది, వాటిని చదవలేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. విరిగిన రేకు అంచు నుంచి నీటిబొట్లు తవుడు బస్తా మీద పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. అప్పుడు ఆ పెద్దావిడ, అక్షరం ముక్క రాని మనిషి, కళ్లు మూసుకునే ఉండి, "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అని తర్వాతి వచనం తనంతట తాను అందుకుంది. అప్పుడు కూడా పాడలేదు, ఏడుస్తూనే చెప్పింది. ఆ మాటను నేను ముందే చదివేసి ఉంటే అది నా ప్రసంగంలో ఒక భాగమై ఉండేది, అంతే.

మన ఒడిశాలో ఈ సందర్భం వచ్చినప్పుడల్లా గ్లాడిస్ స్టెయిన్స్ గారిని గుర్తుచేస్తుంటారు. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహరపూర్‌లో భర్తనూ ఇద్దరు చిన్న కుమారులనూ సజీవంగా దహనం చేసినవారిని ఆమె క్షమించానని ప్రకటించి, బారిపదలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ కొనసాగించారు. ఆ క్షమాపణ ముందు తల వంచవలసిందే. అయితే ఆమె చేసింది ఆమెకు దొరికిన కృపతో, ఆమె చేసింది. ఆ ఉదాహరణను తెచ్చి "ఆమే స్తుతించగలిగితే నీకేమిటి?" అని మరో స్త్రీ నెత్తిన పెట్టడం ఆమెకూ గౌరవం కాదు, మీకూ న్యాయం కాదు.

మరి మీరు ఏమి చేయాలి? సాక్ష్యాల సమయంలో లేవకపోవడం తప్పు కాదు. లేవక తప్పకపోతే "మా కోసం ప్రార్థించండి" అని మాత్రం చెప్పి కూర్చోండి. పాట మొదలైనప్పుడు నోరు రాకపోతే మౌనంగా ఉండండి, మీ బదులు పాడటానికే సంఘం ఉంది. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకుని కప్పు విప్పి దింపినప్పుడు యేసు "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడు అప్పటికి ఒక్క మాటైనా అన్నట్టు ఆయన రాయలేదు. మీ అక్కలకు నా తరఫున ఒక విన్నపం చేయండి: డయాలసిస్ ఉన్న మూడు రోజులలో ఒక రోజు వారిలో ఎవరో ఒకరు ఆ నాలుగు గంటలు ఆయన దగ్గర కూర్చుంటే, మీరు ఇంటికి వెళ్లి పడుకోగలుగుతారు. వారి స్తోత్రం ఆ రోజున ఎలా ఉంటుందో వారికే తెలుస్తుంది.

మీ నిద్ర సంగతి తేలికగా తీసుకోవద్దు. ఏలీయా ప్రాణం విసిగి బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. ఎన్నో వారాలుగా నిద్ర లేకపోతే మీవారిని చూసే డాక్టరుకే ఆ మాట చెప్పండి, మందు రాసిస్తే వేసుకోండి.

ఇంకొకటి. ఆయన సీసా వైపు చూసే సాయంత్రాల గురించి మీరు రాశారు. సిలువ మీద ప్రభువు పలికిన మాటల్లో "నేను దప్పిగొనుచున్నాను" అన్నది ఒకటి. లోకం కోసం అంతటి కార్యం ముగిస్తున్న సమయంలో కూడా ఆయన ఎండిన గొంతును ఎండిన గొంతనే చెప్పాడు. ఒకసారి సీసా ఖాళీ అయిన తర్వాత, ఆయన చేయి పట్టుకుని ఆ మాట ఇద్దరూ కలిసి చదవండి. అంతకుమించి ఏమీ చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా నాన్నగారు పోయిన మూడో రోజు ప్రార్థన కూడికలో మా సంఘ యువకులు కీబోర్డు, డ్రమ్ములు తెచ్చి చప్పట్ల పాటలు పాడారు. అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వద్దంటే, "విశ్వాసులు దుఃఖపడకూడదు" అన్నారు. మేము తప్పుగా అనుకుంటున్నామా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: లేదు. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దని పౌలు రాశాడు, దుఃఖపడవద్దని రాయలేదు. ఆ యువకులకు సామెతల గ్రంథం 25వ అధ్యాయం 20వ వచనం చూపించండి. దుఃఖంలో ఉన్న మనసుకు పాటలు వినిపించేవాడిని అది చలి రోజున ఒంటి మీది బట్ట లాగివేసేవాడితో పోలుస్తుంది. మీ అమ్మగారు తలుపు వేసుకున్నది ఆ చలికే.

పాటే వద్దని నేను అనను. మనది కీర్తనలున్న సంఘం. 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ప్రతి కీర్తనకూ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, మన పిల్లలు వాటిని చూడటం మానేశారు. వేడుకోలు కీర్తనలను వాటి రాగంలో, వాయిద్యం లేకుండా, మెల్లగా ఒక పెద్దవారి చేత మొదలుపెట్టించండి. అమ్మగారు తలుపు తీస్తే తీస్తారు. తీయకపోతే గుమ్మం బయటే కూర్చుని పాడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో చదువుతోంది, తెలుగు అక్షరాలు రావు. ఉద్యోగం పోయి ఇంట్లో ఇబ్బందుల్లో ఉన్నాం. కుటుంబ ప్రార్థనలో ఆమె నోరు కదపదు. కష్టకాలంలోనైనా తెలుగులోనే స్తుతించాలని పట్టుబట్టవచ్చా?
— ఒక తండ్రి, గుణుపురం

జవాబు: పట్టుబట్టవద్దు. ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో ప్రార్థించనివ్వండి, ఒడియా బైబిలులో కీర్తనలు ఆమె చేతనే చదివించండి. మీ ఉద్యోగం పోయిన సంగతి కూడా ఆమె వినేటట్టు, మీ నోటితోనే, ప్రార్థనలో దేవునికి చెప్పండి. ఇంట్లో అందరికీ తెలిసిన కష్టాన్ని ప్రార్థనలో మాత్రం ఎవరూ ఎత్తకపోతే పిల్లలకు నోరు రాదు. తెలుగు కీర్తనలు కావాలంటే ఒక ఉపాయం ఉంది. మా మనవరాలు గీతల నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద నా చేత తెలుగులో రాయించుకుని, కుడి పేజీ మీద అదే పాటను ఒడియా లిపిలో తాను రాసుకుంటుంది. "ఱ" వచ్చిన ప్రతిచోటా ఆగి, దీనికి మా లిపిలో ఏమి రాయాలి తాతయ్యా అని అడుగుతుంది. ఇప్పటికి పదకొండు పాటలు అయ్యాయి.